లియోపోల్డ్ ‘భూనీతి’లో భూయజమాని: రోళ్లపాడు నేపథ్యంలో ఒక పునఃపరిశీలన

వ్యాససంగ్రహం: అల్డో లియోపోల్డ్ రాసిన ‘ది లాండ్ ఎథిక్’ (భూనీతి) వ్యాసాన్ని ప్రకృతి పట్ల మానవుడి నైతిక బాధ్యతను చాటిన ప్రకటనగా చదవడం పరిపాటి. అయితే ఆ రచనకు ఒక నిర్దిష్టమైన సంబోధితుడు ఉన్నాడు. అతడు సొంత భూమి గల రైతు. ఆ రైతుతో దాదాపు రెండు దశాబ్దాలు కలిసి పనిచేసి, ఆశపడి, ఆశాభంగం చెందిన అనుభవం నుంచి భూనీతి భావన రూపుదిద్దుకుంది. ఆ అనుభవాన్ని లియోపోల్డ్ తన వ్యాసంలో ఎలా వ్యాఖ్యానించాడో, ఆ వ్యాఖ్యానం ఎక్కడ బలహీనపడుతుందో పరిశీలించి, రాయలసీమ మెట్టభూముల సందర్భంలో దానిని నిగ్గుతేల్చడం ఈ పరిశీలన ఉద్దేశం.

కీలకపదాలు: భూనీతి, భూయజమాని, బీడు, బట్టమేక పిట్ట, రోళ్లపాడు, కౌలుదారు, పర్యావరణ విమర్శ.

1. ఉపోద్ఘాతం

‘ఎ శాండ్ కౌంటీ ఆల్మనాక్’ 1949లో వెలువడింది. అప్పటికి రచయిత లేడు. 1948 ఏప్రిల్ 21న పొరుగు రైతు పొలంలో గడ్డికి నిప్పంటుకుంటే ఆర్పడానికి వెళ్లిన లియోపోల్డ్ గుండెపోటుతో అక్కడే కన్నుమూశాడు. ఈ మరణాన్ని జీవితచరిత్రకారులు ఒక ప్రతీకగా చెప్పుకుంటారు. ప్రతీక మాట అటుంచితే, అందులో ఒక వాస్తవం ఉంది: భూమి గురించి ఆయన రాసినదంతా పొరుగురైతు గట్టు మీద నిలబడి రాసినదే. తెలుగులో పర్యావరణ విమర్శ ఈ గ్రంథాన్ని తలచినప్పుడు, నీతి పరిధిని మనుషుల నుంచి మట్టికీ నీటికీ చెట్టుకూ పక్షికీ విస్తరించిన సిద్ధాంతంగానే ఎక్కువగా తలుస్తుంది. సిద్ధాంతం వెనుక ఉన్న గట్టు తగాదాలు, ఒప్పందాలు, లెక్కలు ఉపోద్ఘాతాలలోకి రావు. అవి రాకపోవడం వల్ల సిద్ధాంతం ఉన్నదానికంటె నున్నగా కనిపిస్తుంది.

‘భూనీతి’ ఒక్క బిగిన రాసిన వ్యాసం కాదు. 1933 నాటి ‘ది కన్సర్వేషన్ ఎథిక్’, 1939 నాటి ‘ఎ బయోటిక్ వ్యూ ఆఫ్ లాండ్’, 1947 నాటి ‘ది ఎకలాజికల్ కాన్షన్స్’ అనే మూడు రచనల నుంచి భాగాలు తీసి, కొత్త భాగాలు చేర్చి కూర్చినది. కనుక అందులో మూడు కాలాల గొంతులు ఉన్నాయి. రైతును గురించిన భాగం 1947 నాటిది, అంటే చివరిది, అన్నింటిలోకీ చేదైనది.

2. ఒప్పందాల దశాబ్దం

1930 డిసెంబరులో అమెరికా వేటజంతువుల సదస్సు ఒక విధానపత్రాన్ని ఆమోదించింది. దానిని రూపొందించిన సంఘానికి లియోపోల్డ్ అధ్యక్షుడు. ఆ పత్రం గుర్తించిన చిక్కు ఇది: అమెరికా న్యాయవ్యవస్థలో అడవిపక్షి ప్రజల ఆస్తి, అది గూడు కట్టే పొద మాత్రం రైతు ఆస్తి, తుపాకీ పట్టుకుని వచ్చేవాడు తరచు పట్టణవాసి. పక్షిని పెంచే శ్రమకు రైతుకు ఏదో ఒక ప్రతిఫలం దక్కనిదే పొద మిగలదు. ఇక్కడ లియోపోల్డ్ నీతిబోధకుడు కాడు, బేరం కుదిర్చే మధ్యవర్తి.

మరుసటి ఏడాది, 1931లో, మాడిసన్ పట్టణానికి దగ్గరలోని రైలీ గ్రామంలో ఆ బేరం అమలులోకి వచ్చింది. అనుమతి లేకుండా పొలాల్లో పడే వేటగాళ్లతో విసిగిన రైతులకు రక్షణ కావాలి. లియోపోల్డ్‌కూ ఆయన పట్టణమిత్రులకూ వేటాడుకునే చోటు కావాలి. రెండు అవసరాలూ కలిసి ఒక సహకార సంఘమైంది. రైతులు భూమి ఇచ్చారు; పట్టణసభ్యులు ఖర్చు భరించారు; ఇరుపక్షాలూ కలిసి పొదలు నాటి, చలికాలంలో పక్షులకు మేత పెట్టాయి.

1933లో మొదలైన కూన్ వ్యాలీ పథకం ఇంతకంటె పెద్దది. నైరుతి విస్కాన్సిన్‌లో నిటారు కొండవాలుల మీద పశువులను మేపి, వాలు వెంబడి దున్ని, రైతులు మేలిమట్టిని వాగుల పాలు చేసుకున్నారు. ప్రభుత్వం ఐదేళ్ల ఒప్పందం ముందుకు తెచ్చింది. కూలి, యంత్రాలు, విత్తనం, కంచెతీగ ప్రభుత్వానివి. నిటారు వాలులను పశువులకు మూసివేయడం, మిగిలిన నేలను వాలుకు అడ్డంగా పట్టీలు పట్టీలుగా సాగుచేయడం రైతు వంతు. 1935లో ఈ పథకం మీద లియోపోల్డ్ రాసిన వ్యాసం ఉత్సాహంతో పొంగిపోతుంది. ఒకే ఎకరం మట్టినీ నిలుపుకోగలదు, పంటనూ ఇవ్వగలదు, పక్షినీ దాచగలదు. రైతు ఇష్టపడితే చాలునన్నది ఆ వ్యాసం నమ్మకం. 1939 నాటి ‘ది ఫార్మర్ యాజ్ ఎ కన్సర్వేషనిస్ట్’లోనూ ఆ నమ్మకం చెక్కుచెదరలేదు. అక్కడ రైతు కథానాయకుడు, పొలం అతడు గీసుకున్న స్వీయచిత్రం. తిన్నగా తవ్వని వాగు, పశువులు మేయని ఒడ్డుచెట్లు ఉన్న ఒక ఊహాపొలాన్ని రచయిత ఆ రైతు కోసం బొమ్మ కట్టి చూపిస్తాడు.

‘భూనీతి’కి వచ్చేసరికి అదే రైతు బోనులో నిలబడి ఉంటాడు. కూన్ వ్యాలీ పేరు ఎత్తకుండా నైరుతి విస్కాన్సిన్ అని మాత్రమే అంటూ లియోపోల్డ్ చెప్పే కథ ఇది: ఒప్పందానికి రైతులు ఒప్పుకున్నారు, గడువు తీరగానే చాలా పద్ధతులను మరచిపోయారు, తమకు వెంటనే కంటికి కనిపించే లాభం ఇచ్చినవాటినే కొనసాగించారు. నియమాలు రైతులే రాసుకుంటే బాగా నేర్చుకుంటారేమోనని 1937లో రాష్ట్ర శాసనసభ మట్టి సంరక్షణ మండలాల చట్టం చేసింది. పదేళ్లు గడిచినా ఒక్క కౌంటీ కూడా ఒక్క నియమం రాయలేదు. ఈ ఖాళీ కాగితమే ‘భూనీతి’కి ప్రధాన సాక్ష్యం. లాభాపేక్ష మీద కట్టిన సంరక్షణ లాభం దగ్గరే ఆగిపోతుంది కనుక యజమాని అంతరంగంలో బాధ్యత పుట్టడం తప్ప వేరు దారి లేదని వ్యాసం తీర్మానిస్తుంది.

3. సాక్ష్యాన్ని మరోవిధంగా చదవడం

ఈ తీర్మానానికి వాడిన సాక్ష్యం అంత గట్టిది కాదు. రైతులు లాభం ఇచ్చిన పద్ధతులను నిలుపుకున్నారన్న వాక్యాన్ని లియోపోల్డ్ నిందగా రాశాడు. కాని ఆ నిలుపుకున్న పద్ధతులు ఏమి చేశాయి? కూన్ క్రీక్ పరీవాహక ప్రాంతంలో మేటవేసే మట్టిని దశాబ్దాల పాటు కొలిచిన భూగోళ శాస్త్రవేత్త స్టాన్లీ ట్రింబుల్ 1999లో ప్రచురించిన అధ్యయనం, 1930ల నాటితో పోలిస్తే మట్టికోత ఎంతో తగ్గిందని చూపింది. వాలుకు అడ్డంగా పట్టీలసాగు ఆ లోయకు గుర్తుగా నిలిచిపోయింది. అంటే స్వలాభం చూసుకున్న రైతే మట్టిని చాలావరకు కాపాడాడు. లియోపోల్డ్‌కు ఈ ఫలితం తెలిసే అవకాశం లేదు. ఆయన చూసినది పథకం మొదలైన తొలి పదిహేనేళ్లను మాత్రమే. అయినా ఆయన నిరాశను ఆయన అనంతర పాఠకులు రుజువైన సత్యంగా స్వీకరించడం సరికాదు.

మట్టికి పనిచేసిన ఈ తర్కం పక్షికి పనిచేయదన్నది లియోపోల్డ్ వాదంలో మిగిలే బలమైన భాగం. విస్కాన్సిన్‌లో పుట్టిపెరిగే 22,000 రకాల ఉన్నతజాతి మొక్కలలో, జంతువులలో నూటికి ఐదింటికి మించి అమ్మకానికో మేతకో తిండికో పనికిరావని ఆయన అంచనా. మిగతావాటి కోసం ఏ లెక్కలు వేసినా అవి దొంగలెక్కలేనని ఆయన వెక్కిరిస్తాడు. పాటపాడే పక్షులను కాపాడడానికి అవి పురుగులను తింటాయన్న వాదం వెతకవలసి వచ్చిందని గుర్తుచేస్తాడు. వ్యాసంలో ఇది అత్యంత నిజాయితీగల చోటు. మేలిమట్టి పోతే రైతుకు నష్టం. పక్షి పోతే రైతుకు ఏమీ కాదు. ఆ ‘ఏమీ కాదు’ అనే ఖాళీని పూరించడానికే నీతి అవసరమైంది.

అయితే ఆ నీతిని మోసే మనిషి ఎవరు? వ్యాసం ఓడిసియస్ కథతో మొదలవుతుంది. యుద్ధం నుంచి తిరిగివచ్చిన ఆ వీరుడు తన ఇంటి దాసీలను ఒకే తాటికి ఉరితీయించాడు. వారు ఆస్తి కనుక అందులో తప్పొప్పుల ప్రశ్న రాలేదు. నేడు భూమి ఆ దాసీల స్థానంలో ఉందన్నది ఉపమానం. ఉపమానం పదునైనదే. కాని దాసీల విషయంలో చరిత్ర చేసినది యజమానికి దయ నేర్పడం కాదు, యాజమాన్యాన్నే రద్దుచేయడం. లియోపోల్డ్ భూమి దగ్గరకు వచ్చేసరికి యాజమాన్యాన్ని యథాతథంగా ఉంచి యజమాని మనసును మాత్రమే మార్చదలచాడు. ఆ భూములు హో-చంక్ ప్రజల నుంచి 19వ శతాబ్దపు సంధిపత్రాల ద్వారా ఎలా చేతులు మారాయో వ్యాసం అడగదు. ఉపమానం ఎంతదూరం వెళ్లగలదో వ్యాసం అంతదూరం వెళ్లలేదు.

లియోపోల్డ్ సొంత పొలం సంగతి కూడా ఇక్కడ ప్రస్తావనార్హం. 1935లో విస్కాన్సిన్ నది ఒడ్డున ఆయన కొన్న నేల అప్పటికే సారం ఉడిగి, పాత యజమాని వదిలేసి, పన్ను బకాయి కింద కౌంటీకి చేరినది. ఆ పాత యజమాని దొంగసారా కాసేవాడని గ్రంథమే చెబుతుంది. కొత్త యజమాని విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు. జీతంతో బతుకుతూ, ఉన్న కోళ్లగూటిని గుడిసెగా మార్చుకుని, సెలవు దినాల్లో కుటుంబమంతా కలిసి దేవదారు మొక్కలు నాటాడు. ఆ నేల ఆయనకు అన్నం పెట్టనవసరం లేదు. ఇది ఆక్షేపణ కాదు, దృక్కోణానికి సంబంధించిన గుర్తింపు. భూమి ఇచ్చే రాబడి మీద బతకని యజమాని చూపులో నుంచి రాబడి మీద బతికే యజమానికి బోధ జరుగుతోంది.

4. తెలుగు పాఠకుడు చదివినప్పుడు

తెలుగు సాహిత్యంలో భూమి తరచు అప్పుపత్రంగా, కూలిగా, కుటుంబ గౌరవంగా కనిపిస్తుంది. 1964 నాటి కాళీపట్నం రామారావు ‘యజ్ఞం’ కథలో ఒక అప్పు తరాల మీదుగా పాకి భూమిని మింగుతుంది. ఆ అప్పుకు కొడుకును వారసుడిగా మిగల్చలేక తండ్రి చేసే పని పాఠకుడిని ఇప్పటికీ నిద్రపోనివ్వదు. ఆ కథ చదివిన పాఠకుడికి భూయజమాని అంటే స్వేచ్ఛగా నిర్ణయించుకోగల వ్యక్తి అన్న భావన అంత తేలికగా మింగుడుపడదు. లియోపోల్డ్ రైతు తప్పు చేసినా తెలిసి చేస్తాడు. ‘యజ్ఞం’ రైతుకు ఎంచుకునే వీలే లేదు.

పదజాలం విషయంలోనూ ఒక అడ్డంకి ఉంది. చెట్లు దట్టంగా లేని, నాగలి తగలని, గడ్డి మాత్రమే ఉండే బయలును తెలుగు రైతు బీడు అంటాడు. పశువుల కాపరికి బీడు మేత దొరికే చోటు. ‘పచ్చికబీడు’ అన్న మాటలో ఆ గౌరవం ఇంకా మిగిలి ఉంది. కాని ‘బీడుపడిన’ అన్నప్పుడు అది నిందార్థమే. రెవెన్యూ పరిభాష దీనిని మరింత స్థిరపరచింది. శిస్తు రాని నేల బంజరు, గయాళు. అభ్యుదయ సాహిత్యం కూడా, తన న్యాయమైన కారణాలతోనే, బీడును సాగులోకి తేవడాన్ని విజయంగా కీర్తించింది. భూమిలేనివాడికి భూమి దక్కడమే అక్కడి ప్రశ్న. ఆ బీడులో గుడ్డు పెట్టే పక్షి ప్రశ్న కాలేదు. అడవికి తెలుగు కవిత్వంలో ఉన్న గౌరవస్థానం గడ్డిబయలుకు లేదు.

5. రోళ్లపాడు

ఆ పక్షి బట్టమేక పిట్ట. భారీ శరీరం గల ఈ నేలపక్షి గూడు కట్టదు. బయలులో నేలమీద సాధారణంగా ఒకే గుడ్డు పెడుతుంది. మిడతలు, పేడపురుగులు, గింజలు, వేరుశనగ కాయలు తింటుంది. అంటే గడ్డిబయలు ఎంత అవసరమో దాని చుట్టూ ఉన్న మెట్టచేను కూడా అంతే అవసరం. 1980లలో బొంబాయి నాచురల్ హిస్టరీ సొసైటీ పరిశోధకులు అప్పటి కర్నూలు జిల్లా రోళ్లపాడులో దీనిని నిశితంగా అధ్యయనం చేశారు. 1988లో అక్కడ 614 హెక్టార్ల అభయారణ్యం ఏర్పడింది. 614 హెక్టార్లు అంటే సుమారు ఆరు చదరపు కిలోమీటర్లు. బట్టమేక ఆ కొలతలో ఇమిడే పక్షి కాదు. దాని జీవితంలో సగం ప్రైవేటు పట్టాల మీదనే గడిచేది. కంచె లోపలి గడ్డిని అటవీశాఖ కాపాడింది. కంచె బయట జొన్న, కొర్ర, వేరుశనగ వేసే రైతు తనకు తెలియకుండానే పక్షికి మేత పెట్టాడు. కాలువ నీరు చేరి పంటల తీరు మారినప్పుడు ఆ తెలియని ఔదార్యం కూడా ముగిసింది. ఇటీవలి సంవత్సరాలలో బట్టమేక అక్కడ కనిపించడమే అరుదైపోయింది. ప్రపంచంలో ఈ జాతి మొత్తం సుమారు నూటయాభైకి మించి లేదు.

కంచె లోపలి రక్షణ ఫలితంగా మరొకటి పెరిగింది: కృష్ణజింక. అది ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జంతువు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులోనిది. మందలు రాత్రిపూట చేలలో పడతాయి. కొడితే జైలు, కొట్టకపోతే పంట నష్టం. ఇక్కడ లియోపోల్డ్ వాదం తలకిందులవుతుంది. ఆయన రైతుకు పక్షి వల్ల లాభమూ లేదు, నష్టమూ లేదు. ఉన్నది ఉదాసీనత మాత్రమే. రోళ్లపాడు రైతుకు అడవిజంతువు వల్ల కలిగేది నికర నష్టం. పట్టణాలలోని అందరి సంతోషానికీ ఒక్కడు మూల్యం చెల్లిస్తున్నప్పుడు, ఆ ఒక్కడికి మరింత నీతి కావాలని చెప్పడం ధర్మమా అన్నది ‘భూనీతి’ ఎదుర్కోని ప్రశ్న. 1930 నాటి లియోపోల్డ్, ఆ బేరగాడు, దీనిని ఎదుర్కొన్నాడు. 1947 నాటి లియోపోల్డ్ దానిని దాటవేశాడు.

మధ్యప్రదేశ్‌లోని కరేరా చరిత్ర ఈ ప్రశ్నను మరింత కఠినంగా అడుగుతుంది. 1981లో శివపురి జిల్లాలో బట్టమేక కోసం 202 చదరపు కిలోమీటర్ల అభయారణ్యాన్ని ప్రకటించారు. అందులో ముప్పైకి పైగా గ్రామాలు, వాటి పట్టాభూములు చిక్కుకున్నాయి. భూముల క్రయవిక్రయాలపై ఆంక్షలు వచ్చాయి. ఆడపిల్ల పెళ్లికి ఎకరం అమ్ముకోవలసిన రైతుకు ఆ పక్షి శత్రువైంది. 1990లలో బట్టమేక అక్కడ కనుమరుగైంది. ఆంక్షలు మాత్రం ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి కొనసాగాయి. చివరకు అభయారణ్యాన్నే రద్దుచేశారు. మహారాష్ట్రలోని నన్నజ్ అభయారణ్యం మొదట దాదాపు 8,500 చదరపు కిలోమీటర్లుగా కాగితం మీద వెలసి, తరువాత సుమారు 1,222కు కుదించుకుపోయింది. రెండుచోట్లా రైతును ముందుగా అడిగినట్లు ఆ గీతలు చెప్పవు.

కరేరా నిజానికి లియోపోల్డ్‌ను సమర్థించే ఉదాహరణే. యజమాని సమ్మతి లేని సంరక్షణ నిలవదని ఆయన మొదటినుంచీ అన్నాడు. అయితే సమ్మతి కొరవడినది అంతరాత్మ లేక కాదు, అడిగినవాడు లేక.

6. సమ్మతికి చట్టంలో చోటు

లియోపోల్డ్ వాదంలో లాభమూ మమకారమూ రెండు వేరువేరు గదులు. ఆంధ్రదేశంలోని పక్షుల ఊళ్లు ఈ విభజనను అంగీకరించవు. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో గూడబాతుల రాకను ఊరికి శుభంగా భావించి చెట్ల జోలికి ఎవరినీ పోనివ్వరు. గుంటూరు దగ్గర ఉప్పలపాడులో ఊరి చెరువులోని చెట్లే పక్షులకు ఆవాసం. నేలపట్టులో చెరువులోని చెట్ల మీద గూళ్లు కట్టుకున్న పక్షుల రెట్ట నీటిలో కలిసి పొలాలకు ఎరువవుతుందని రైతులు చెబుతారు. అది శుభమా, ఎరువా అని వారిని విడదీసి అడగడంలో అర్థం లేదు. ఒక చేతితో దండం పెట్టి, రెండో చేతితో మడవ తిప్పే రైతు మనసు ‘భూనీతి’ వర్గీకరణకు అందదు. అయితే ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఈ ఊళ్లలో పక్షి చెట్టు మీద ఉంటుంది, చెరువు ఉమ్మడిది. బట్టమేక నేలమీద, ఒకరి పట్టాలో గుడ్డు పెడుతుంది. ఉమ్మడి చెరువు నేర్పిన మర్యాదను సొంత చేనుకు యథాతథంగా తేవడం సాధ్యం కాదు.

భారత చట్టంలో ఈ సమ్మతికి దారి 2002 సవరణతో ఏర్పడింది. 36సి విభాగం ప్రకారం, వన్యప్రాణులను కాపాడడానికి సమాజమో వ్యక్తో స్వచ్ఛందంగా ముందుకొస్తే, ఆ ప్రైవేటు లేదా ఉమ్మడి భూమిని రాష్ట్ర ప్రభుత్వం సాముదాయిక రక్షితప్రాంతంగా ప్రకటించవచ్చు. మాట వినడానికి లియోపోల్డ్ కల నిజమైనట్లే ఉంది. నిబంధనను చివరిదాకా చదివితే వేరొకటి కనిపిస్తుంది. ఒకసారి ప్రకటన వెలువడ్డాక, నిర్వహణ కమిటీ తీర్మానమూ రాష్ట్ర ప్రభుత్వ ఆమోదమూ లేకుండా భూవినియోగాన్ని మార్చడానికి వీలులేదు. లోపలికి వెళ్లడం యజమాని ఇష్టం, బయటికి రావడం సర్కారు ఇష్టం. కూన్ వ్యాలీ ఒప్పందానికి ఐదేళ్ల గడువు ఉండేది, కంచెతీగ ఉచితంగా వచ్చేది. 36సిలో గడువు లేదు, రైతుకు దక్కే ప్రతిఫలం మాట లేదు. రోళ్లపాడు చుట్టుపక్కల రైతు తన పదెకరాల జొన్నచేనును ఈ విభాగం కింద అప్పగించడానికి సందేహిస్తే, ఆ సందేహాన్ని నైతిక లోపంగా లెక్కించడం ఏ విమర్శకుడికీ తగదు.

పైగా ఆ చేను దున్నేది చాలాచోట్ల పట్టాదారు కాడు. మెట్టభూములు పెద్దయెత్తున కౌలులో ఉన్నాయి. 2019 నాటి ఆంధ్రప్రదేశ్ పంట సాగుదారుల హక్కుల చట్టం కింద కౌలుదారు గుర్తింపు పొందాలన్నా యజమాని సంతకం కావాలి. ఒప్పందం పదకొండు నెలలది. పదకొండు నెలల మనిషిని తరతరాల నీతి అడగడం ఎలాగో లియోపోల్డ్ చెప్పలేదు, చెప్పవలసిన అవసరం ఆయన నాటి విస్కాన్సిన్‌లో ఆయనకు తట్టలేదు. కోత తర్వాత అదే చేలో గొర్రెలమందను నిలిపే కాపరి, బీడును బీడుగా ఉంచడంలో అందరికంటె ఎక్కువ ప్రయోజనం ఉన్నవాడు, ఏ దస్తావేజులోనూ కనిపించడు. 2022 సవరణ చేర్చిన నిబంధన ప్రకారం, ప్రైవేటు భూమి మీద ఏర్పడిన రక్షితప్రాంతపు కమిటీలో భూయజమానికి, అటవీ లేదా వన్యప్రాణి శాఖ ప్రతినిధికి, పంచాయతీ లేదా గిరిజన సమాజపు ప్రతినిధికి స్థానం ఉంది. కౌలుదారుకూ కాపరికీ అందులో కుర్చీ లేదు.